ఎర్ర తాళం

టూవూంబాలో సోమవారం పొద్దున్న ఆరింటికి
పిండిమిల్లు పైగదిలో హీటర్ ఇంకా వేడెక్కదు.
ఆరుగురు కొత్తవాళ్ళు,
మడతలు పోని పసుపు జాకెట్లు.
నేను చాక్‌పీసు పట్టుకోను, గుప్పెడు మైదా పట్టుకుంటాను.

ఇదేమిటి?
రొట్టె, అంటాడు సుబిన్.
కేకు, అంటుంది వెనకనించి మార్లీ.
మూసిన గదిలో గాల్లో తేలితే
ఒక్క నిప్పురవ్వకి ఇదే మందుగుండు, అంటాను.
ఎవరూ నమ్మరు. మొదట్లో నేనూ నమ్మలేదు.
అప్పడాలకర్ర పట్టిన చేతులకి
పిండిని అనుమానించడం ఎవరు నేర్పారు గనక?

తర్వాత కిందికి దింపుతాను.
నేనేమీ చూపించను, ఏం కనబడిందో మీరే చెప్పండంటాను.
అత్యవసరం తలుపుకి అడ్డంగా గోధుమ బస్తాలు,
మూడో మెట్టు అంచున ఊడిన రబ్బరు,
వెనక్కొచ్చే ఫోర్క్‌లిఫ్టు మూగబోయిన బీపు.
బెల్టు మీది కంచెని పురికొసతో కట్టారని మార్లీ చూసింది.
నాలుగేళ్ళుగా దాని పక్కనించే నడుస్తున్నాను నేను!
కొత్త కళ్ళు నెలరోజులే పనిచేస్తాయి.
ఆ తర్వాత పురికొస కూడా ఇనుములాగే కనిపిస్తుంది.

పురికొస కట్టిన కెల్సో ముసలాయన నవ్వేశాడు.
"షీల్ బీ రైట్, వాస్."
వసుంధర అనడానికి ఆయనకి నోరు తిరగదు.
మా భాషలోనూ ఉందా మాట, అన్నాను.
"ఏం కాదులే."
రెండూ అక్కచెల్లెళ్ళు.
ఒకటి సముద్రానికి ఇటు, ఒకటి అటు,
ఎన్ని వేళ్ళు తిన్నాయో లెక్క లేదు.

ఇక తాళాలు.
మనిషికొక ఎర్ర తాళం, ఒకటే తాళంచెవి.
మిషన్‌లో చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపి
స్విచ్చికి నీ తాళం నువ్వు వెయ్యాలి.
నీ తాళం నువ్వే తియ్యాలి.
మేనేజరు తియ్యకూడదు, నేను తియ్యకూడదు,
నీ ప్రాణస్నేహితుడైనా సరే, తియ్యకూడదు.

జులై చలిలో ఒక రాత్రి
నాలుగో రోలర్ శుభ్రం చేసి అందరూ బయటికొచ్చారు.
ఐదు తాళాలు ఊడాయి, ఆరోది ఊడలేదు.
మీద టవీటా పేరు.
టవీటా ఇంటికెళ్ళిపోయాడు, ఫోను ఎత్తడు.
క్రెయిగ్ పెద్ద కట్టరు పట్టుకొచ్చాడు.
గంటకి ఎన్ని టన్నులు పోతున్నాయో తెలుసా?
తెలుసు.
అతని కారు లేదు కదా?
కారు లేకపోతే మనిషి లేడనేనా?

స్విచ్చికి వీపు ఆనించి నిలబడ్డాను.
మోకాళ్ళు వణికాయి, కొంత చలికి.
మనుషుల్ని లెక్కపెట్టాం. రోలరు కింద టార్చి వేసి చూశాం.
పేరు పెట్టి పిలిచాం, గొట్టాల్లోకి కూడా.
పిండి తప్ప ఎవరూ పలకలేదు.

రాత్రి రెండింటికి వచ్చాడు టవీటా,
గాటన్ నించి కొండ ఎక్కి, హవాయి చెప్పులతో.
భుజం మీద నిద్దరోతున్న కూతురు
(భార్యది ఆసుపత్రిలో నైట్ డ్యూటీ),
మెళ్ళో గొలుసుకి తాళంచెవి.
సారీ, సారీ, అంటూ తీశాడు.
ఆ చిన్న చప్పుడికి పిల్ల కదిలింది గానీ లేవలేదు.

ప్రమాదాల రిజిస్టరులో రాశాను:
తేదీ, టైము, రోలర్ నాలుగు.
ఏం జరిగింది అన్న గడిలో
"ఏమీ జరగలేదు."
క్రెయిగ్ చాలాసేపు చదివాడు, రెండే మాటల్ని.
సంతకం పెట్టాడు.

ఇదంతా చెప్పి మార్కరు పెన్నులు పంచుతాను.
సుబిన్ తాళం మీద పేరు రాశాడు,
కోడి గీకినట్టు.
చదవగలిగేట్టు రాయి నాయనా,
నువ్వు లోపలున్నప్పుడు
బయట నీ తరఫున నిలబడేది అదొక్కటే.

హీటర్ ఇప్పటికి వేడెక్కింది.
సుబిన్ ఉమ్ముతో తుడిచి మళ్ళీ రాస్తున్నాడు,
ఈసారి కాస్త పెద్ద అక్షరాలతో.